హుల్సూర్ నల్లరాతి కింద బంగారముందా? గని తవ్విన చోట బావుల మాటేమిటి?

హుల్సూర్ పరిసర గ్రామాలలో బావి తవ్వినప్పుడు, బోరు వేసినప్పుడు నల్లరాతి నడుమ నుంచి తెల్లగా, గాజులా మెరిసే పలుకులు బయటపడడం అందరికీ తెలిసిన విషయమే. కొన్ని పలుకులు పసుపు ఛాయలో ఉంటాయి, మరికొన్ని లేత ఆకుపచ్చ రంగులో ఉంటాయి. పిల్లలు వాటిని ఏరుకొని దాచుకుంటారు. పెద్దలలోనూ కొందరు ఒకటి రెండు పలుకులను కంసాలికి చూపించి వస్తారు. బంగారం ధర పెరిగిన కొద్దీ ఇటువంటి ఆశలు కూడా పెరగడం సహజం. పైగా పాత హైదరాబాదు రాజ్యంలో బీదరుకు తోడుగా ఉండిన రాయచూరు జిల్లాలో హట్టి బంగారు గని నేటికీ నడుస్తూనే ఉన్నది. అక్కడ ఉన్నది ఇక్కడ ఎందుకు ఉండకూడదన్న ప్రశ్న అసంబద్ధమైనదేమీ కాదు.

సమాధానం మాత్రం ఆశావహంగా లేదు. ఆ పలుకులు జియోలైటు, కాల్సైటు, స్ఫటికం వంటి ఖనిజాలు. వాటికీ బంగారానికీ ఎటువంటి సంబంధమూ లేదు. బంగారు గని ఉన్న ఊళ్ళ సంగతి మరొకటి ఉన్నది. అక్కడి రైతు బంగారం కంటె ముందు నీటిని గురించి ఆలోచించవలసి వస్తుంది. భూగర్భ గని అంటే మొట్టమొదట ఒక లోతైన బావి. తక్కిన బావులన్నీ దానికి తలవంచవలసిన పరిస్థితి రావచ్చు, రాకపోవచ్చు. అది ఏ విషయాలపై ఆధారపడుతుందో సరిహద్దు గ్రామాల కుటుంబాలు తెలుసుకోవడం అవసరం.

నేల కింద ఏమున్నది?

బీదరు జిల్లా అంతటా నేలకు ఆధారం దక్కను నల్లరాయి. దీనినే భూవిజ్ఞానులు బసాల్టు అంటారు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ళ నుంచి శిలాద్రవం పొంగి, పొర మీద పొరగా పరచుకొని గట్టిపడింది. దోసె మీద దోసె పేర్చినట్లు ఒక్కొక్క పొర మీద మరొక పొర ఏర్పడింది. ప్రతి పొర పైభాగంలోనూ ఆవిరులు తప్పించుకొనిపోయిన బుడగల గుర్తులు చిన్న చిన్న గుల్లలుగా మిగిలాయి. తరువాతి కాలంలో ఆ గుల్లలలోకి చేరిన నీరు తనలో కరిగి ఉన్న ఖనిజాలను అక్కడ వదిలింది. బావులలో కనిపించే తెల్లని పలుకులు అవే. పొర మధ్యభాగం మాత్రం గుల్లలు లేని గట్టి బండ.

ఒక పొర గట్టిపడిన తరువాత మరొక పొర వచ్చేలోగా చాలా కాలం గడిచిన చోట, పాత పొర పైభాగం ఎండకు వానకు చివికి ఎర్రమట్టిగా మారింది. ఆ మట్టి కొత్త శిలాద్రవపు వేడికి కాలి ఇటుక రంగు పొరగా నిలిచిపోయింది. బోరు యంత్రం నుంచి నల్లని పొడి వస్తూ వస్తూ ఒక్కసారిగా ఎర్రని బురద వస్తే, ఒక పొర ముగిసి మరొక పొర మొదలైనదని అర్థం. బోరు వేసే పనివారు దీనిని అనుభవంతోనే పసిగడతారు.

బీదరు పట్టణం, దాని చుట్టుపక్కల ఉన్న పీఠభూమి మీద, అటు జహీరాబాదు వైపున, నల్లరాతికి పైన ఎర్రని జల్లెడ వంటి రాయి కప్పుకొని ఉంటుంది. ఇది లేటరైటు. నల్లరాయే లక్షల సంవత్సరాల వానలకు చివికి, కరిగేవన్నీ కరిగిపోగా ఇనుము, అల్యూమినియం మిగిలిన రాయి ఇది. కోసినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలిన తరువాత గట్టిపడుతుంది కనుక ఇళ్ళు కట్టడానికి ఇటుకలుగా కోస్తారు.

మరి నల్లరాతి కింద ఏముంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికింది ఒక పెను విషాదం తరువాత. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున పొరుగున లాతూరు జిల్లాలోని కిల్లారి ప్రాంతంలో భూకంపం వచ్చి వేలాది మంది నిద్రలోనే ప్రాణాలు కోల్పోయారు. ఆ రాత్రి హుల్సూర్, బసవకల్యాణ్ ప్రాంతాలలోనూ నేల కంపించింది. అనంతరం శాస్త్రవేత్తలు కిల్లారి వద్ద 617 మీటర్ల లోతు వరకు రంధ్రం వేసి రాతి నమూనాలు తీశారు. అందులో పై 338 మీటర్లు నల్లరాయి. దాని కింద సుమారు 8 మీటర్ల మందాన పాత నదులు, మడుగులు వదిలిన అవక్షేపాలు. ఆ కింద అతి పురాతనమైన స్ఫటిక శిలలు. దక్షిణ భారతానికంతటికీ పునాది వంటి శిలలు అవే. హుల్సూర్ కింద కూడా, నల్లరాతి దుప్పటి ముగిసిన తరువాత, ఆ జాతి శిలలే ఉంటాయి. నల్లరాతి మందం పడమటికి పోయేకొద్దీ పెరుగుతుంది, తూర్పుకు వచ్చేకొద్దీ తగ్గుతుంది.

బంగారం ఉండేది ఏ రాతిలో?

దక్షిణ భారతంలో బంగారం దొరికే శిలలు నల్లరాతి కంటె ఎన్నో రెట్లు పాతవి. వాటి వయస్సు 250 కోట్ల సంవత్సరాలకు పైబడే ఉంటుంది. వీటిని ధార్వాడ శిలలంటారు. ఇవి కూడా ఒకప్పటి శిలాద్రవమే అయినా, తరువాతి కాలంలో భూమి లోపలి వేడికి, ఒత్తిడికి మడతలు పడి, పలకలుగా చీలి, ఆకుపచ్చని ఛాయ గల శిలలుగా మారిపోయాయి. ఇవి విశాలంగా పరచుకొని ఉండవు. గ్రానైటు మైదానాల నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగిన సన్నని పట్టీల రూపంలో ఉంటాయి. హట్టి–మస్కి పట్టీ, కోలారు పట్టీ, అనంతపురం వైపు రామగిరి పట్టీ, కర్నూలు జిల్లా జొన్నగిరి పట్టీ ఇటువంటివే.

ఆ పట్టీలలోనూ బంగారం అంతటా ఉండదు. రాతి పొరలు ఒకదానిపై ఒకటి ఒరుసుకొని జారిన చీలికల వెంట, లోతుల నుంచి వేడినీరు పైకి వచ్చి తెల్లని చెకుముకి రాతి నరాలను ఏర్పరచింది. వాటిలో, వాటికి ఆనుకొని ఉన్న రాతిలో, కంటికి కనిపించనంత సన్నని రేణువులుగా బంగారం చిక్కుకొని ఉంటుంది. ఈ నరాలు నిటారుగా నేలలోకి దిగుతాయి. అందువల్లనే గని పక్కకు కాక లోతుకు పోతుంది.

హట్టిలో ఈ నరాలను పూర్వులు సుమారు రెండు వేల ఏళ్ళ క్రితమే గుర్తించారు. రాతిని నిప్పుతో కాల్చి, నీరు చల్లి, పగిలిన దానిని ఏరుకొంటూ వారు 600 అడుగుల పైచిలుకు లోతుకు దిగారు. పంపులు లేని కాలంలో అంత లోతు నుంచి నీటిని ఎలా తోడి పోశారో తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆధునిక కాలంలో 1947లో హైదరాబాదు గోల్డ్ మైన్స్ పేరిట నెలకొన్న సంస్థ రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ అనంతరం హట్టి గోల్డ్ మైన్స్‌గా మారి, కర్ణాటక ప్రభుత్వ సంస్థగా కొనసాగుతున్నది. దేశంలో గనుల నుంచి వచ్చే బంగారంలో అత్యధిక భాగం దీనిదే. అయినా ఏడాది ఉత్పత్తి కొద్ది టన్నులలోనే ఉంటూ వచ్చింది.

టన్ను రాతికి ఐదు గ్రాముల బంగారం ఉంటే అది మంచి నిక్షేపం కిందే లెక్క. తులం బంగారం అంటే 11 గ్రాముల 66 సెంటీగ్రాములు. ఆ లెక్కన ఒక ఆడపిల్ల పెళ్ళికి పెట్టే ఐదు తులాల కోసం దాదాపు 12 టన్నుల రాయి నేల లోపలి నుంచి పైకి రావాలి. అంటే మూడు నాలుగు ట్రాక్టర్ ట్రాలీల రాయి. దానినంతా పిండి చేసి, సోడియం సయనైడు ద్రావణంలో నానబెట్టి, బంగారాన్ని వేరు చేయాలి. మిగిలిన పిండి ఎక్కడికీ పోదు. గని పక్కనే గుట్టగా, చెరువుగా నిలిచి ఉంటుంది.

హుల్సూర్ కింద నల్లరాతి దుప్పటి అడుగున ధార్వాడ పట్టీ ఏదైనా దాగి ఉన్నదా అంటే, ఉండరాదన్న శాస్త్ర నియమమేదీ లేదు. ఉన్నప్పటికీ నీరు నిండిన వందల అడుగుల నల్లరాతి పొరలను చీల్చుకొని దిగితే తప్ప అక్కడికి చేరలేరు. హట్టిలో నరాలు నేల మీదికే కనిపించడం వల్ల పూర్వులకు దొరికాయి. ఇక్కడ ఆ అదృష్టం లేదు. కనుక "మీ పొలం కింద బంగారం ఉన్నది, ముందుగా ఒప్పందం రాసుకుందాం" అని ఎవరైనా వస్తే ఆ మాటను పక్కన పెట్టవచ్చు. 2015లో గనుల చట్టాన్ని సవరించిన తరువాత బంగారం వంటి ప్రధాన ఖనిజాల గని లీజులు ప్రభుత్వ వేలం ద్వారానే దక్కుతాయి. దళారీ కాగితానికి విలువ లేదు.

రాతిలో నీరు ఎక్కడ దాగుతుంది?

బీదరులో ఝరణీ నరసింహస్వామిని దర్శించిన భక్తులకు ఈ విషయాన్ని వేరుగా బోధించవలసిన పని లేదు. నడుము లోతు నీటిలో గుహ వెంట నడిచి వెళితే గాని స్వామి దర్శనం కాదు. ఆ నీరు పైనున్న ఎర్రరాతి నుంచి ఊరుతున్నది. గురునానక్ ఝీరా గురుద్వారాలోని ఊట కూడా ఈ కోవలోనిదే. ఎర్రరాయి జల్లెడ వంటిది కనుక వాన నీటిని త్వరగా పీల్చుకుంటుంది. దాని అడుగున, నల్లరాయి చివికి ఏర్పడిన జిగట మట్టి పొర ఒకటి ఉంటుంది. నీరు ఆ జిగట మట్టిని దాటి కిందికి పోలేక పక్కకు జరిగి, గుట్ట అంచున ఊటగా బయటపడుతుంది. ఎర్రరాతి మీది బావులు వానాకాలంలో తొందరగా నిండి, వేసవి నాటికి తొందరగా అడుగంటడానికి కారణం కూడా ఇదే.

ఈ రహస్యాన్ని గ్రహించిన వారు 15వ శతాబ్దంలో, బహమనీ సుల్తానులు బీదరును రాజధానిగా చేసుకున్న కాలంలో, నౌబాదు వద్ద కారేజ్ అనే నేల లోపలి సొరంగాన్ని తవ్వించారు. స్థానికులు దీనిని సురంగ బావి అంటారు. పారశీక దేశం నుంచి వచ్చిన విద్య ఇది. నీరు చేరే చోట నుంచి కొద్దిపాటి వాలుతో సొరంగం తవ్వితే, చుట్టుపక్కల రాతిలోని నీరు అందులోకి ఊరి, ఏ మోటా, ఏ పంపూ అవసరం లేకుండా తనంతట తాను ప్రవహిస్తుంది. గాలి వెలుతురు కోసం పైనుంచి వరుసగా గొట్టపు బావులు తవ్వారు. కొన్ని కిలోమీటర్ల పొడవున్న ఈ సొరంగంలో పూడికను గత దశాబ్దంలో తొలగించినప్పుడు నీరు మళ్ళీ కనిపించింది.

కారేజ్‌కూ బంగారు గనికీ పోలిక ఏమిటని అనిపించవచ్చు. రెండూ నేల లోపలి సొరంగాలే. నీటిమట్టం కంటె కిందికి తవ్విన ఏ ఖాళీలోకైనా చుట్టుపక్కల నీరు వచ్చి చేరుతుంది. కారేజ్ ఆ నీటి కోసమే తవ్వినది. గని తవ్వేవారికి మాత్రం ఆ నీరు శత్రువు. కారేజ్ వాలు తక్కువ, లోతు తక్కువ కనుక అది పైపై నీటినే తీసుకుంటుంది. గని వందల మీటర్లు దిగుతుంది. ఇరవై నాలుగు గంటలూ పంపులు నడుస్తూనే ఉండాలి.

నల్లరాతిలో నీరు ఉండేది పొరల పైభాగంలోని గుల్ల రాతిలోను, చివికిన రాతిలోను, పగుళ్ళలోను. మధ్యనున్న గట్టి బండలో నీరు ఉండదు. ఒకే పొలంలో ఒక బోరులో నీరు పడి, ఇరవై గజాల దూరంలో మరొకటి ఎండుగా పోవడానికి కారణం ఈ అమరికే. పొర తరువాత పొరకు నీరు ఉండే అవకాశం ఉన్నది కనుక 200 అడుగుల దగ్గర పడని నీరు ఇంకా లోతున పడవచ్చు. అయితే లోతున ఉన్న నీరు ఒకసారి తోడేస్తే మళ్ళీ చేరడానికి ఏళ్ళు పట్టవచ్చునని గమనించాలి.

బంగారం ఉండే ధార్వాడ శిలలలో, వాటి చుట్టూ ఉన్న గ్రానైటులో, నీటి స్థితి వేరు. పైన పది ఇరవై మీటర్ల వరకు చివికిన మొరం ఉంటుంది. ఊరి బావులకు ప్రాణాధారం ఈ మొరం పొరే. దాని కింద పగుళ్ళ బండ. లోతుకు పోయేకొద్దీ పైరాతి బరువుకు పగుళ్ళు మూసుకుపోతాయి, నీరూ తగ్గిపోతుంది. కోలారు బంగారు గనులలో ఈ సంగతి స్పష్టంగా తెలిసింది. అక్కడ చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. ఆ అడుగు అంతస్తులలో సమస్య వేడి, రాతి ఒత్తిడి. నీరు ప్రధానంగా పై అంతస్తుల నుంచే వచ్చేది. దానిని పైననే పట్టి, కిందికి జారకుండా బయటికి పంపేవారు.

గని నీటికీ ఊరి నీటికీ ఉన్న ముడి కూడా ఇదే. గని అడుగున వెయ్యి మీటర్ల లోతున జరిగే పనికి ఊరి బావితో పెద్దగా సంబంధం ఉండకపోవచ్చు. గని నోరు, మొదటి వంద మీటర్ల తవ్వకం, ఊరి బావి తాగే మొరాన్నే, పగుళ్ళ బండనే చీల్చుకొని పోతాయి. అక్కడ సిమెంటు పాలు ఎక్కించి పగుళ్ళను సక్రమంగా మూయకపోతే మొరం నీరు గనిలోకి దారి చేసుకుంటుంది. బంగారపు నరం ఉన్న చీలిక స్వయంగా ఒక కాలువ వంటిదన్నది మరొక చిక్కు. నరం ఉత్తర దక్షిణాలుగా సాగితే, దాని వెంట ఉన్న గ్రామాల బావులు ముందుగా దిగిపోవచ్చు. అదే దూరంలో తూర్పున ఉన్న గ్రామానికి ఏమీ తెలియకపోవచ్చు. "గని నుంచి ఎన్ని కిలోమీటర్లు" అన్న లెక్క ఒక్కటే చాలదని చెప్పడానికి కారణం ఇదే.

పంపు లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక గని నుంచి రోజుకు 10 లక్షల లీటర్ల నీరు తోడవలసి వచ్చిందనుకొందాం. ఇల్లొక్కింటికి రోజుకు 500 లీటర్లు వేసుకుంటే ఇది 2,000 కుటుంబాల వాడకం. ఏడాదికి 36 కోట్ల 50 లక్షల లీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన కురిసే చోట, అందులో నూటికి ఏడు పాళ్ళు గట్టిరాతి నేలలోకి ఇంకుతాయనుకుంటే, ఆ నీటిని తిరిగి నింపడానికి దాదాపు 9 చదరపు కిలోమీటర్ల నేల మీద పడిన వాన కావాలి. అంటే రెండు వేల ఎకరాలకు పైగా భూమిలో ఇంకే నీరంతా ఒక్క గనికే పోతుంది. ఈ అంకెలు ఏ ఒక్క గనికీ చెందినవి కావు. ప్రాజెక్టు నివేదికలో "రోజుకు ఇన్ని ఘనపు మీటర్లు" అన్న మాట కనిపించినప్పుడు దానిని ఎకరాలలోకి, కుటుంబాలలోకి మార్చి చూసుకోవడానికి ఈ లెక్క పనికివస్తుంది. ఒక ఘనపు మీటరు అంటే వెయ్యి లీటర్లు.

తోడిన నీరు వృథా కావాలనేమీ లేదు. శుద్ధి చేసి చెరువులకు, పంటలకు ఇవ్వవచ్చు, మిల్లులోనే తిరిగి వాడవచ్చు. ఆ నీరు ఎవరికి, ఏ నాణ్యతతో, ఎంతకాలం చేరుతుందో కాగితం మీద రాయించుకోవడం ముఖ్యం. గని మూతపడిన మరునాడు పంపూ ఆగుతుంది. కోలారులో భారత్ గోల్డ్ మైన్స్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నూటఇరవై ఏళ్ళు సాగిన తవ్వకంలో సుమారు 800 టన్నుల బంగారాన్ని ఇచ్చిన ఆ సొరంగాలు పంపులు ఆగిన తరువాత నీటితో నిండిపోయాయి. తమిళ, తెలుగు కార్మిక కుటుంబాల జీవనం ఒక్కసారిగా తలకిందులైంది. సయనైడు మట్టి గుట్టలు మాత్రం నేటికీ ఊరి మధ్యనే ఉన్నాయి. ఎండాకాలపు గాలికి వాటి దుమ్ము ఇళ్ళలోకి చేరుతుంది.

ఆ సంస్థే నడిపిన మరొక భూగర్భ గని ఆంధ్రప్రదేశ్‌లోని చిగురుగుంట. చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలంలో, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు కలిసే చోటికి సమీపంలో, కోలారు పట్టీ దక్షిణపు కొసన ఇది ఉన్నది. కోలారుతో పాటే 2001లో మూతపడింది. గత దశాబ్దం చివర చిగురుగుంట–బిసానత్తం బ్లాకును వేలం వేసినప్పుడు ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌ఎండీసీ ఎంపికైంది. అక్కడ సుమారు 18 లక్షల టన్నుల ఖనిజం, టన్నుకు సుమారు 5 గ్రాముల బంగారం ఉన్నట్లు అంచనా. మూతపడిన గనిని తిరిగి తెరవాలంటే మొదటి పని అందులో చేరిన నీటిని తోడడమే. ఏళ్ళ తరబడి రాతిని, ఇనుప సామగ్రిని, పాత ఖనిజాన్ని ఒరుసుకొని నిలిచిన ఆ నీటిని పరీక్షించకుండా వాగులోకి వదలరాదు. దానికి భిన్నంగా కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని జొన్నగిరి నిక్షేపాన్ని జియోమైసూర్ సంస్థ ఉపరితల గనిగా తలపెట్టింది. తొలకరి వానకు వజ్రాల కోసం జనం పొలాలలో వెదికే ప్రాంతం అదే. ఉపరితల గని లోతు తక్కువైనా నోరు విశాలం కనుక మొరం నీటి మీద దాని ప్రభావం చిన్నదని భావించరాదు.

పాత తవ్వకాలలో నిలిచిన నీరు లోపల పనిచేసేవారికి ప్రాణాంతకం కూడా. 1975 డిసెంబరు 27న ధన్‌బాదు సమీపంలోని చాస్‌నాలా బొగ్గు గనిలోకి పాత తవ్వకాల నీరు ఒక్కసారిగా చొరబడి 375 మంది కార్మికులు మరణించారు. 2003 జూన్‌లో గోదావరిఖని ఏడవ ఎల్‌ఈపీ గనిలోనూ నీరు చొరబడి 17 మంది సింగరేణి కార్మికులు బలయ్యారు. అవి బొగ్గు గనులే కావచ్చు. రెండు వేల ఏళ్ళ నాటి పాత తవ్వకాలున్న బంగారు నరాల వద్ద ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. ఆ పూర్వులు పటాలు గీసి పెట్టిపోలేదు. సరిహద్దు గ్రామాల నుంచి గని పనికి వెళ్ళే యువకుల తల్లిదండ్రులు జీతం ఎంతని అడిగే ముందు, ముందు భాగాన రంధ్రం వేసి నీరున్నదో లేదో చూసే పద్ధతి ఆ గనిలో ఉన్నదా అని అడగడం తప్పు కాదు.

నీటి రుచి చెప్పని సంగతి

నీరు ఎంత అన్నది సగం ప్రశ్న. ఎటువంటి నీరు అన్నది మిగతా సగం. బంగారంతో పాటు ఆ నరాలలో గంధకం, ఆర్సెనిక్ కలిసిన ఖనిజాలు ఉండడం సాధారణం. రాతిలో గాలి తగలక నిద్రాణంగా ఉన్నంత కాలం వాటితో ప్రమాదం తక్కువ. తవ్వి పైకి తెచ్చి గుట్టపోసినప్పుడు, లేదా నీటిమట్టం దిగి గాలి తగిలినప్పుడు, అవి కరిగి నీటిలోకి చేరగలవు. యాదగిరి జిల్లా సురపుర ప్రాంతంలోని మంగళూరు ధార్వాడ పట్టీలో, పాత బంగారు గని చుట్టుపక్కల బోరు నీటిలో ఆర్సెనిక్ ఉన్నదని, గ్రామస్థుల చర్మం మీద దాని ప్రభావం కనిపించిందని 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన వెల్లడించింది. గని మూతపడి ఎన్నో ఏళ్ళయినా నీటి సమస్య మూతపడలేదు. ఆర్సెనిక్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నీటిని కాచినా పోదు. తాగే నీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదన్నది భారతీయ ప్రమాణం.

సయనైడు విషయంలో భయం ఎక్కువ, అవగాహన తక్కువ. అది ఘోర విషమే. అయితే ఎండకు, గాలికి త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ఆర్సెనిక్ అలా కాదు, తరాల తరబడి నిలిచి ఉంటుంది. మిల్లు వ్యర్థాల చెరువు అడుగున జిగట మట్టి, నీరు దిగని పట్టా రెండూ వేశారా, చెరువుకు పల్లపు వైపున పరీక్ష బావులు ఉన్నాయా అన్నది గ్రామం తప్పక చూడవలసిన విషయం.

సరిహద్దుకు అటూ ఇటూ

భూగర్భజలానికి రాష్ట్ర సరిహద్దు తెలియదు. ఈ విషయాన్ని చట్టం కొంతమేరకు గుర్తించింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం, రాష్ట్ర స్థాయిలో పరిశీలించదగిన ప్రాజెక్టు అయినా అంతర్రాష్ట్ర సరిహద్దుకు సమీపంలో ఉంటే కేంద్ర స్థాయిలో పరిశీలించాలి. ఆ దూరం మొదట 10 కిలోమీటర్లు. 2014 సవరణతో 5 కిలోమీటర్లకు తగ్గింది. ఉభయ రాష్ట్రాలు అంగీకరిస్తే దానికీ సడలింపు ఉన్నది. దూరాన్ని తగ్గించడం సరిహద్దు గ్రామాలకు మేలు చేసిందని చెప్పడం కష్టం.

ప్రజాభిప్రాయ సేకరణ సభను కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది. సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. పూర్తి ముసాయిదా జిల్లా కలెక్టరు కార్యాలయంలోను, జిల్లా పరిషత్తు, పంచాయతీ వంటి చోట్లను చూడడానికి లభించాలి. ఇందులో ఒక మెలిక ఉన్నది. సభ జరిగేది ప్రాజెక్టు ఉన్న జిల్లాలో, అక్కడి అధికార భాషలో. గని కన్నడ నేలపై ఉండి, బావి తెలుగు నేలపై ఉన్న కుటుంబానికి తన పంచాయతీలో ఆ కాగితం కనిపించకపోవచ్చు. అయినప్పటికీ ప్రాజెక్టు వల్ల ప్రభావితమయ్యే అవకాశం ఉన్న ఎవరైనా లిఖితపూర్వకంగా అభ్యంతరాలు పంపవచ్చును. ఆ అవకాశాన్ని తెలుగు గ్రామాలు వినియోగించుకోవాలి.

గని నీటిమట్టాన్ని దాటి దిగేటట్లయితే భూగర్భజల అనుమతి వేరుగా తీసుకోవాలి. కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ 2020 సెప్టెంబరు మార్గదర్శకాలలో దీనిని స్పష్టం చేసింది. సొంత చట్టాలున్న రాష్ట్రాలలో ఆ రాష్ట్ర సంస్థ ఈ పని చూస్తుంది. గని లోపలికి ఏటేటా, లోతు లోతుకూ ఎంత నీరు ఊరుతుందో లెక్క, చుట్టుపక్కల గ్రామాల నీటి స్థితి, పరీక్ష బావుల ఏర్పాటు ఆ నివేదికలో ఉండాలి. ఆ బావులను నరం సాగిన దిశలో వేశారా, లేక రోడ్డు పక్కన సౌకర్యంగా ఉన్న చోట వేశారా అన్నది పటం చూస్తే తెలిసిపోతుంది.

వివాదం వచ్చిన రోజున గ్రామం చేతిలో రుజువు ఉండాలి. గని ప్రారంభమైన తరువాత "మా బావి ఎండింది" అంటే, "అంతకు ముందు ఎంత నీరుండేది?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. దానికి జవాబుగా చేతిలో కాగితం ఉండదు. ముడులు వేసిన తాడు చివర రాయి కట్టి, నెలకొకసారి, ఒకే రోజున, తెల్లవారుజామున మోటారు వేయకముందు బావిలో నీరు ఎన్ని అడుగుల లోతున ఉన్నదో కొలిచి, తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు. గ్రామానికి ఐదారు బావులు, రెండేళ్ళ లెక్క ఉంటే దానిని ఏ అధికారీ తోసిపుచ్చలేడు. బడి పిల్లలు చేయగలిగిన పని ఇది. వానకు ముందు ఒకసారి, వానాకాలం తరువాత ఒకసారి నీటి నమూనాను ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్షింపజేసి ఆ కాగితాన్ని అదే పుస్తకంలో అంటించి పెట్టుకోవాలి. ఆర్సెనిక్ పరీక్షను ప్రత్యేకంగా అడగాలి. మామూలు పరీక్షల జాబితాలో అది లేకపోవచ్చు.

హుల్సూర్ రైతుకు గని రాదు కనుక ఈ పుస్తకం అవసరం లేదని అనుకోనక్కరలేదు. గుల్ల రాతి నీరు ఏ అడుగున తగిలింది, ఎర్రని బురద ఎక్కడ వచ్చింది, గట్టి బండ ఎంతవరకు ఉన్నది అన్న వివరాలను బోరు వేసిన రోజునే రాసి పెట్టుకుంటే, పక్క పొలంలో బోరు వేసే అన్నదమ్ములకు వేల రూపాయలు మిగులుతాయి.